మహాకవి మెడలో నా మూరల మాల

అన్నా,

మహాకవి జయంతికి పెద్ద మాల ఏటా నువ్వే కట్టి తీసుకుపోయేవాడివి. నువ్వు పోయాక ఈసారి నేను కట్టాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి చామంతులు తెప్పించి, నువ్వు చెప్పే లెక్కనే ఇరవై మూరలు కొలిచాను. యాకుత్‌పురాలో ఆటో ఎక్కాక గుర్తొచ్చింది. ఆ ఇరవై నీ చేతి మూరలు కదా! నా చెయ్యి నీ చేతిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇన్నేళ్లు నువ్వు నిలబెట్టుకున్న పేరు ఒక్క పూటలో పోగొడతానని దారంతా ఒకటే ఫికర్.

చౌరస్తాలో మహాకవి విగ్రహాన్ని మొదటిసారి చూశాను. నీ మాల పాదాల దాకా వచ్చేదట. నాది నడుము దగ్గరే ఆగిపోయింది. భయంతో కళ్లు మూసుకున్నాను.

నిచ్చెన మీద నుంచి మాల వేసిన మనిషి కేకేశాడు. "అవ్వా, ఇటు జూడు! పెద్దాయన చేతుల పుస్తకం కనవడుతున్నది!"

"కురచైంది బిడ్డా, ఏమనుకోకు."

"మస్తుగున్నది! మీ అన్న మాలేస్తే జయంతి ఫోటోల పుస్తకం ఎన్నడన్న కనవడ్డదా? మొత్తం కప్పేస్తుండె. వచ్చే ఏడు గూడ నీ చెయ్యితోనే కొలువు."

విగ్రహం గద్దె మీద కూలబడి కడుపునొచ్చేలా నవ్వాను అన్నా. నువ్వుంటే ఆ నిచ్చెన కిందే అతనితో లొల్లి పెట్టుకునేవాడివి.

ఇప్పుడు కొత్త ఫికర్ పట్టుకుంది. వచ్చే ఏటికి ముసలితనంతో నా చెయ్యి ఇంకా కురచ కాదు కదా?

నీ చెల్లెలు