పక్కకు జారిన అచ్చులు

చైత్రా, నీ ఫోన్ కలవలేదు. గ్రీటింగ్ కార్డుల కోసం ఆకు అచ్చులు వేసిన కాగితాలు మంచంమీద ఆరుతున్నాయి. ఒకదానిమీద ఒకటి పెట్టొద్దు, రంగు అంటుకుంటుంది. ఫ్యాన్ కూడా వెయ్యొద్దు.

చివరి మూడింటిలో అచ్చు పక్కకు జారింది. నా కుడిచెయ్యి మొద్దుబారి, చెక్క అచ్చు రెండుసార్లు కింద పడిపోయింది. ఈ చీటీ ఎడమచేత్తో రాస్తున్నా. "రాసింది చాలమ్మా, ఆటో వచ్చుండాది" అని పక్కింటి భాగీరథమ్మ తొందరపెడుతోంది. మడివాళ మార్కెట్ పక్కనున్న ఆసుపత్రికి పోతున్నాం. జారిన కాగితం ఒకటి డాక్టరుకు చూపించడానికి తీసుకున్నా. నువ్వు నేరుగా అక్కడికే రా. నాకు చాలా భయంగా ఉంది.

అమ్మ

పోయిన వారం కూడా ఇట్లే అయింది. నీకు పరీక్షలని చెప్పలేదు. తిట్టొద్దు తల్లీ.