జనవరి దాకా ఆగాల్సిన గుర్రప్పిల్ల

31 డిసెంబరు 1956, ఆళ్లగడ్డ

రాణి గుర్రం ఈ రాత్రే ఈనేలా ఉంది. పందెం గుర్రాలు పెంచే రెడ్డి లాయంలో పనిచేసే మా కొడుకు ఓబులేసు అన్నానికొచ్చి తల పట్టుకున్నాడు.

“పందెం గుర్రాలన్నిటికీ జనవరి ఒకటినే ఏడాది పెరిగినట్టు లెక్క. రేపు పుడితే పసిదిమా. ఈ రాత్రి పుడితే తెల్లారేసరికి ఏడాది పిల్లని రాస్తారు. పెద్ద గుర్రాలతో పందెం యాడ గెలుస్తాది?”

“అదేం లెక్కరా? అట్లయితే నీకు పుట్టిన మర్నాడే పెండ్లి చేసుందును గదా!”

వాడు నవ్వలేదు. ఈ పిల్ల కూడా పందేలకు పనికిరాకపోతే గుర్రాల ఫారం మూసేస్తానని రెడ్డి అన్నాడట. వాడికి వేరే పని రాదు.

ఊళ్లో ఇన్ని కాన్పులు చేశాను, ఎప్పుడూ బిడ్డ తొందరగా బయటపడాలనే మొక్కాను. ఇవాళ అర్ధరాత్రి దాటేదాకా కాన్పు ఆపమని అహోబిలం స్వామికి మొక్కాను. కడుపులో ఆలస్యమైతే పిల్ల ఏమవుతుందో తెలిసీ మొక్కాను. ఓబులేసు లాయానికి వెళ్లాక మనసు ఒప్పలేదు. తల్లీపిల్లా బతికితే చాలు, ఎప్పుడైనా రానీ స్వామీ అన్నాను. వాడికేం చెప్పను...