అప్పలమ్మ చెప్పింది చెప్పినట్టే

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నౌపడలో పెద్దవాళ్ళకు చదువు నేర్పే ఒక చిన్న సంస్థలో చేరాను. నేర్చుకునేవాళ్ళు చెప్పిన మాటనే రాసి, దాన్నే చదివిస్తాం.

ఉప్పుమళ్ళలో పనిచేసే ముసలి అప్పలమ్మకు మూడు నెలలైనా చదవడం రాలేదు. ఆమె మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్ది రాయడం నా తప్పేనని ఆలస్యంగా తెలిసింది. ఇవాళ ఆమె చదువు మానేస్తానంటే, ఆఖరిగా ఒక్క మాట చెప్పమన్నాను.

"ఏటి సెప్పను? ఎండెక్కితేనే ఉప్పు కడతాది!"

అన్నది అన్నట్టే రాశాను. అక్షరాల కింద వేలు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ఓలమ్మో, నా మాట నాకే సెప్తన్నాది కాగితం! మాయమ్మ రోజూ అనే మాటొకటుంది, అదీ రాయే. మళ్ళీ ఇంటాను."

రాసిచ్చాను. తర్వాత నాకోసం ఒకటి రాసుకున్నాను: "తిన్నావేటే?"

పైకి చదివితే, అమ్మా, నీ గొంతే వినిపించింది.