ఏడాదిపాటు మూత తీయని పెట్టెలు

ఏవండీ,

ఈ రోజు మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక మీ తేనెపెట్టెలు తెరిచాను. నాలుగింటిలో మూడు పోయాయి. ఒక్క ఈగ లేదు. మైనపు పురుగులు తేనెపట్టు అట్టలన్నీ తినేసి, బూజులా గూళ్ళు అల్లేశాయి.

మీరు పోయి నెల తిరక్కుండానే మీ అక్కగారు వాటికి పసుపు రాసి, బొట్లు పెట్టి, "తమ్ముడి చేతి వస్తువులమ్మా, ఏడాది తిరిగేదాకా ఎవరూ ముట్టుకోకండి" అన్నారు.

"వారం వారం చూడకపోతే పురుగు పడుతుందండీ, వదినగారూ" అన్నాను.

"వాడి మీద ఆ మాత్రం గౌరవం లేదా నీకు?" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

గౌరవమట. మీరు ఆదివారం ఆదివారం పెట్టె అడుగు గీకేవారు. ఖాళీ అట్టల్ని కైకలూరు తీసుకెళ్ళి, రొయ్యల కొట్టువాళ్ళ ఫ్రీజర్లో పెట్టించి పురుగు గుడ్లు చంపేవారు. ఏనాడైనా ఒక్క పెట్టెకి బొట్టు పెట్టారా?

పాడైనవన్నీ పెరట్లో తగలబెట్టాను. "అయ్యో, వాడి గుర్తులే" అన్నారు వదినగారు. "గుర్తులు కావండీ, పురుగులు" అన్నాను.

నాలుగో పెట్టె నిండా ఈగలున్నాయి. అరటిచెట్ల వెనక ఉంది కదా, దాన్ని మాత్రం ఏడాదంతా ఎవరూ చూడకుండా తెరుస్తూనే వచ్చాను.

అందరూ చూస్తుండగా నాలుగూ తెరవాల్సింది.