కార్ఖానా ఇంటికి మేనేజర్

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనిద్దరం కలిసి కార్ఖానా ఏరియాలో కొన్న ఇల్లు అమ్మేద్దామని మా ఆయన పోరుతూనే ఉన్నాడు. నేను ఒప్పుకోలేదు. అద్దెకున్నవాళ్లను నీలా చూసుకోవడం నా వల్ల కాదని తెలిసి, మేనేజర్ కోసం వెతికాను.

మొదటివాడు బండి దిగకుండానే, "పాతోళ్లను ఖాళీ చేయిద్దాం మేడం, కిరాయి పెరుగుతది" అన్నాడు. వద్దని పంపేశాను.

తర్వాత సునీత వచ్చింది. పై పోర్షన్‌లోని ముసలి టీచరమ్మ దగ్గర అరగంట కూర్చుంది. కిందికొచ్చి, "బాత్రూంల జారుతుందంట. మీకు చెప్పనీకి మొహమాటపడుతుంది. రేపు పట్టుకోనీకి కడ్డీ పెట్టిస్త" అంది.

టీచరమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నీకైతే చెప్పేది.

ఇంటి బాధ్యత సునీతకే అప్పగించాను. ఈ రోజు పెయింటర్‌ను పిలిచి, అద్దెకొచ్చేవాళ్ల కోసం గేటు పక్క గోడ మీద రాయించిన నీ ఫోన్ నంబరు చెరిపించి ఆమెది రాయించాను. అతను చెరుపుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను.