పద్నాలుగో నంబరు ఎడమకి తిరిగింది

బావా,

గళ్ళనుడికట్టు నింపమనీ, నానబెట్టిన బాదంపప్పు తినమనీ, ఎడమచేత్తో పళ్ళు తోముకోమనీ ఇవన్నీ నాకెందుకు రాస్తావు? నేనేమన్నా అడిగానా? రిటైరైన దగ్గర్నుంచీ బుర్రకి పదును పెట్టే పనిలో పడ్డావు, సంతోషం. పెట్టి పెట్టి కత్తి అరిగిపోకుండా చూసుకో. మొన్న మా ఇంటికొచ్చి ‘ఆరు నిలువు, నాలుగు అడ్డం’ అంటూ ముప్పావుగంట తల పట్టుకుని, పోయేటప్పుడు నీ చెల్లెలి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది ఎవరు? వీధి చివరిదాకా నడిచి, ‘ఏంట్రా, కాళ్ళు వాచినట్టున్నాయి’ అన్నది ఎవరు?

సర్లే. నిన్ను తిట్టడానికి కాదు రాస్తున్నది. ఫోన్ చేద్దామంటే నువ్వు స్పీకర్ పెడతావు. అక్క వంటింట్లోంచి సలహా ఇస్తుంది, దానికి మీ పక్కింటాయన కిటికీలోంచి సవరణ ఇస్తాడు. అందుకని పార్కులో బెంచీ మీద కూర్చుని, డిపో లాగ్ షీట్ల వెనక రాస్తున్నాను. చదివి చించెయ్యి. అక్కకి చూపించకు.

నేను పద్నాలుగో నంబరు బస్సు ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నానని నీకు తెలుసు. డిపోలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు, ‘పద్నాలుగూ, టీ తాగావా’ అంటారు. పెద్దాసుపత్రి కూడలి దగ్గర ఈ బస్సు ఒకప్పుడు ఎడమకి తిరిగి మిల్లు వీధిలోంచి పోయేది. వంతెన కట్టాక కుడికి తిరిగి వంతెనెక్కుతోంది. ఇది జరిగి తొమ్మిదేళ్ళు. పోయిన మంగళవారం పదకొండు గంటలకి, నిండు బస్సుతో, నేను ఎడమకి తిరిగాను.

తిరిగినట్టు నాకు తెలీదు. అదీ నా బాధ. పొరపాటున తిరిగి నాలిక కరుచుకోవడం వేరు. నేను హాయిగా మిల్లు వీధిలో పోయి, గేటు ముందు ఎక్కడ ఆపేవాణ్ణో సరిగ్గా అక్కడే ఆపి, తలుపు కూడా తెరిచాను. అక్కడ స్టాపు స్తంభం లేదు. మిల్లే లేదు, పడగొట్టి ఏదో కడుతున్నారు. అప్పుడు తెలివొచ్చింది. బస్సులో నలభై మంది ఉన్నారా, ఒక్కడు నోరెత్తితే ఒట్టు. అందరూ ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. ఒక ముసలావిడ మాత్రం నింపాదిగా దిగి, కిందనుంచి నాకేసి చూసి, “తొమ్మిదేళ్ళకి మా గుమ్మం ముందు దింపావు నాయనా, చల్లగా ఉండు” అని దీవించి పోయింది.

కండక్టరమ్మ నా వెనక్కొచ్చి నిలబడింది. తెలుసుగా, నోరు తెరిస్తే బస్సు హారన్ అక్కర్లేదు. అలాంటిది గుసగుసగా, “ఏంటన్నా, ఇటొచ్చాం?” అంది. నేను జోకేద్దామనుకున్నాను. జోకు బదులు హ్యాండ్ బ్రేకు లాగాను. ఆవిడ దిగి విజిల్ ఊదుకుంటూ, బళ్ళు పక్కకి తీయించుకుంటూ, ఆ సందంతా నన్ను రివర్సులో బయటికి లాగింది. పన్నెండు నిమిషాల ఆలస్యం. కంట్రోలర్ అడిగితే, “పైపులైను తవ్వుతున్నారండీ, తిప్పి పంపారు” అని నేను నోరు తెరవకముందే ఆవిడే చెప్పేసింది.

అప్పట్నుంచీ సెలవులో ఉన్నాను, మోకాళ్ళ నొప్పులని చెప్పి. నీ చెల్లెలు పొద్దునా సాయంత్రం నూనె రాస్తోంది. నిక్షేపంలాంటి మోకాళ్ళు, నిగనిగలాడుతున్నాయి. ఆ చేతులకేసి చూస్తుంటే సిగ్గేస్తోంది బావా.

ఇంకొకటి చెప్పాలి. మీ మామగారికి, అదే మా నాన్నకి, అరవై దాటాక మతిమరుపు మొదలైందని నీకు తెలుసు. చెప్పిన కథే చెప్పేవాడు. తప్పిపోయిన గేదె కోసం మూడూళ్ళు తిరిగిన కథ. నాకప్పుడు నోటికి కళ్ళెం ఉండేది కాదు. ఆయన మొదలెట్టగానే నేనే ముందు అందుకుని, ఆయన గొంతుతో పూర్తి చేసేవాణ్ణి. ఇల్లంతా పడీపడీ నవ్వేది. నువ్వూ నవ్వావు. కొన్నాళ్ళకి ఆయన కథలు చెప్పడం మానేశాడు. మర్చిపోయి కాదు. నేను గదిలోకొస్తే నోరు మూసుకునేవాడు, నేను పోతే అమ్మతో మాట్లాడేవాడు. నోరు మూసుకుని నాకేసి చూసే ఆ చూపు నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చిందనుకుంటున్నాను. నలభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని ఎటు తిరిగానో తెలీనివాడు స్టీరింగ్ పట్టకూడదు. స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకుంటానని అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను. కారణం మోకాళ్ళు. సోమవారం ఇచ్చేస్తాను. మతి పోయిందని చెప్పను. నవ్వించడం అలవాటైనవాడు నవ్వులపాలు కావడం కష్టం.

నీ బావమరిది

*

బావా, నమ్మకద్రోహీ,

చించెయ్యమన్న ఉత్తరం అక్కకి చదివి వినిపించావా? పైగా నీ జాబులో, ‘అది నా చేతిలోంచి లాక్కుంది’ అని సంజాయిషీ ఒకటి! నలభై ఏళ్ళుగా నీ చేతిలోంచి పేపరు లాక్కోవడమే చేతకాక నీ తర్వాత చదువుతోంది మా అక్క.

నువ్వు రాసిన మూడు పేజీల ఓదార్పు బాగానే ఉంది. బాదంపప్పు ప్రస్తావన తగ్గించావు, దానికి ధన్యవాదాలు. కానీ నన్ను లేపి కూర్చోబెట్టింది చివర అంచున అక్క పెన్సిలుతో గీకిన నాలుగు ముక్కలే. ‘అవున్రా, నవ్వించావు. నేనూ నవ్వాను. నాన్నని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని మాత్రం మనిద్దరికీ తోచలేదు. ఇప్పుడు నువ్వూ నోరు మూసుకుంటే ఆయన చేసిందే చేసినవాడివవుతావు. ముందు వెళ్ళి చూపించుకో. మోకాళ్ళకి నూనె దండగ.’

ఓదార్చలేదు చూశావా? ఓదారిస్తే ఏడ్చేవాణ్ణి. తిట్టింది కాబట్టి చొక్కా తొడుక్కున్నాను.

నీ చెల్లెలికి కూడా అదే పూట చెప్పేశాను. నూనె గిన్నె కింద పెట్టి, “మోకాళ్ళు బానే ఉన్నాయా?” అంది. “బానే ఉన్నాయి” అన్నాను. “అయితే నడిచే వెళ్దాం పదండి” అంది. అంతే. నడిచే వెళ్ళాం.

డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గొడుగు, పడవ, నిమ్మకాయ, తాళం, ఎరుపు. తర్వాత గడియారం గీసి ముళ్ళు పెట్టమంది. ఎన్ని గంటలకి పెట్టాలో చెప్పేలోపే నేను నాలుగూ నలభై పెట్టేశాను, నా మొదటి ట్రిప్పు టైము. “పదకొండూ పది అండీ” అంది పాపం. దిద్దాను. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మంటే రెండు దాకా దిగాను, ఆగమంటే గానీ ఆగలేదు. ఐదు మాటలూ మళ్ళీ అడిగితే అప్పజెప్పి, ఊపులో పద్నాలుగో నంబరు స్టాపులు ఇరవై ఆరూ చివర్నుంచి మొదటికి చెప్పాను.

“అవి పరీక్షలో లేవండీ” అంది.

“ఉంటే బాగుండేదమ్మా, మార్కులొచ్చేవి” అన్నాను.

నవ్వింది. నవ్వితే నాకు ధైర్యమొచ్చి మంగళవారం సంగతి మొత్తం చెప్పాను, ఒక్క జోకూ లేకుండా. రక్తం తీయించింది, చెవులు చూసింది, నిద్రెంత పోతారంది, తలకి ఫోటో తీయించింది. మూడోరోజు కాగితాలన్నీ ముందేసుకుని అడిగింది, “ఇరవై రెండేళ్ళలో ఎన్ని రోడ్ల మీద నడిపారు?”

“ఒకటే.”

“అయితే ఆ రోడ్డు మీద మీ తల బస్సు నడపడం ఎప్పుడో మానేసింది. చేతులు నడుపుతున్నాయి. చేతులకి పాత దారి ఎక్కువ అలవాటు. ఆ రోజు తల ఎక్కడికో వెళ్ళింది, చేతులు ఎడమకి తిప్పేశాయి.”

“జబ్బు కాదా?”

“ఇవాళ్టికి జబ్బని చెప్పడానికి ఏమీ కనబళ్ళేదు. ఎప్పటికీ రాదని రాసివ్వలేను. బీపీ కొంచెం ఎక్కువుంది, మాత్ర వేసుకోండి. రోజూ నడవండి, మనుషుల్లో ఉండండి, రానిది ఏదైనా నేర్చుకోండి. ఆరునెలలకి మళ్ళీ రండి. మీ ఆఫీసులో మాత్రం దాచకండి. నడపొచ్చో లేదో వాళ్ళూ పరీక్ష చెయ్యాలి.”

గళ్ళనుడికట్టు సంగతీ అడిగాను, నీ మీద ప్రేమతో. “ఎన్నేళ్ళుగా నింపుతున్నారు ఆయన?” అంది. పదిహేనేళ్ళన్నాను. “అయితే అది ఆయన పద్నాలుగో నంబరు” అంది. నేననలేదు బావా, డాక్టరు అన్నది.

రేపు మేనేజర్ దగ్గరికి పోతున్నాను. జేబులో రెండు కాగితాలున్నాయి. డాక్టరుది ఒకటి, నా అర్జీ ఒకటి. దారంతా ఏది తియ్యాలా అని ఆలోచిస్తాను కాబోలు. అక్కకి చూపించు ఈసారి, ఎలాగూ లాక్కుంటుందిగా.

నీ బావమరిది

*

బావా,

ఈ ఆరునెలల సంగతులు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను, సగం మీ పక్కింటాయనకే అర్థమై ఉంటాయి. అందుకని మొత్తం రాస్తున్నాను. బస్సు నీడలో మెట్ల మీద కూర్చున్నాను, ఇంకా పావుగంట టైముంది, ఇవాళ మా పాత కండక్టరమ్మతోనే డ్యూటీ పడింది.

ఆ రోజు మేనేజర్ ముందు రెండు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టాను. తవ్వకం లేదు, పైపులైను లేదు, నేనే తప్పు తిరిగాను, కండక్టరమ్మ నన్ను కాపాడటానికి అబద్ధమాడింది, తిట్టాలంటే నన్ను తిట్టండి అన్నాను. ఆయన రెండూ చదివి, కళ్ళజోడు తుడుచుకుని, “ఇది ఎవరూ వచ్చి చెప్పరయ్యా. బస్సు గోడకి గుద్దాక మేమే కనుక్కుంటాం” అన్నాడు. మెమో ఇచ్చాడు. నన్ను స్టీరింగ్ మీంచి దించి, మళ్ళీ పరీక్ష పెట్టమన్నాడు. పరీక్ష పెట్టింది ఒకప్పుడు నేను గేరు మార్చడం నేర్పిన మనిషే. చేతులు కట్టుకుని పక్కన కూర్చుని, మూడు రోజులు నా ప్రాణం తీశాడు. గురుదక్షిణ వడ్డీతో సహా తీర్చుకున్నాడు. నాలుగోరోజు సంతకం పెట్టాడు.

కండక్టరమ్మ మాత్రం నెల్లాళ్ళు మాట్లాడలేదు. “నా సర్వీసులో చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అన్నా. నువ్వెళ్ళి దాన్ని వృథా చేశావు” అంది.

మేనేజర్ పద్నాలుగు మళ్ళీ తీసుకోమన్నాడు. వద్దన్నాను. స్పేర్ లిస్టులో వెయ్యమన్నాను. నీకు తెలీదేమో, స్పేర్ అంటే ఏ రోజు ఎవరు రాకపోతే వాళ్ళ బస్సు ఎక్కాలి. రోజుకో రోడ్డు. కొత్తగా చేరినవాళ్ళ నెత్తిన రుద్దుతారు. “యాభై ఏడేళ్ళ మనిషివి, కోరి నెత్తికెత్తుకుంటావేంటి? ముప్పై ఎనిమిది రూట్లున్నాయి” అన్నాడాయన. “తల ఇంట్లో పెట్టి రావడానికి కుదరదు కదండీ, అందుకు” అన్నాను.

మొదటి వారం నాకంటే ముందు నీ చెల్లెలు బెంబేలెత్తింది. తర్వాత తనే దారికొచ్చింది. ప్రతి ఆదివారం ఇద్దరం ఏదో ఒక రూటు ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తున్నాం. మలుపులు తను లెక్కపెడుతుంది, గుర్తులు నేను పెట్టుకుంటాను. నా గుర్తులు సైకిళ్ళ కొట్టు, పచ్చ గేటు. తన గుర్తులు వేరు. ‘మొగుణ్ణి తిట్టే ఆవిడ ఇల్లు’, ‘మనకి మంచినీళ్ళిచ్చిన వాళ్ళ అరుగు’. చిత్రమేంటంటే తనవే గుర్తుంటున్నాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో దీన్ని నేను ఇంత తిప్పింది లేదు. బీపీ దిగింది. నాలుగు జతల చెప్పులు అరిగాయి.

ఇరవై తొమ్మిది రూట్లు వచ్చేశాయి. వచ్చేశాయంటే తప్పులు లేవని కాదు. మొన్న ముప్పై ఒకటో నంబరులో గోదాముల దగ్గర నాలుగు దార్లు కలిసేచోట నిజంగానే మర్చిపోయాను. వెనక హారన్లు. ఒకప్పుడైతే చెమట్లు పట్టేవి. బండి పక్కకి ఆపి, వెనక్కి తిరిగి, “నాకు దారి గుర్తులేదు, కాస్త చెప్పండి” అని గట్టిగా అడిగాను. బస్సు బస్సంతా ఫోన్లు దించింది. ఒకాయన కుడి అన్నాడు, ఒకావిడ ఎడమంది, బడి పంతులమ్మ లేచొచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి తిన్నగా పొమ్మంది. దిగేటప్పుడు ఒకాయన నా భుజం తట్టి, “పదేళ్ళుగా ఈ బస్సెక్కుతున్నా, ఇవాళే మొదటిసారి పక్కవాడితో మాట్లాడాను” అన్నాడు. నవ్వారు, నవ్వకేం. నా మీదే. నాకేమీ కాలేదు బావా.

రేపు డాక్టరమ్మ దగ్గరికి ఆరునెలల పరీక్ష. నీ చెల్లెలు రాత్రి నుంచే ‘గొడుగు, పడవ’ అని చదివిస్తోంది, ఈసారి మాటలు మారుస్తారే అంటే వినదు. నిజం చెప్పనా, పోయినసారంత భయం లేదు. కొంచెం ఉంది, అది ఉండాలి. బాగుందంటే సరే. ఒకవేళ ఈసారి కాగితం మీద వేరే మాట రాస్తే, ఆ మాట ముందు నీకు చెప్తాను, అంటే అక్కకి, అంటే మీ పక్కింటాయనకి. అక్కణ్ణుంచి తిన్నగా డిపోకి పోయి తాళం మేనేజర్ చేతిలో పెట్టి, ఆ తర్వాత నాన్నలా నోరు మూసుకోకుండా, టీ కొట్టు ముందు అందర్నీ పిలిచి

ఉండు, కండక్టరమ్మ తలుపు కొడుతోంది, “అన్నా, టైమైంది, ఎటు పోవాలో జ్ఞాపకముందా, చెప్పాలా?” అంటోంది. చెప్పు తల్లీ, చెప్పు, వింటా. బావా, వచ్చాక పూర్తి చేస్తాను, అందర్నీ పిలిచి ఏమంటానంటే