బీరువా కింద దూరిన మిషను

అమ్మా,

మిక్సీ అయినా టీవీ అయినా, దానికో లేసు ముసుగు అల్లేదాకా నీకు నిద్ర పట్టేది కాదు కదా. మొన్న మన నరసాపురం ఇంటికి తనంతట తానే ఇల్లు ఊడ్చే గుండ్రటి మిషను వచ్చింది. నీ అలవాటే నాకూ వచ్చింది. నువ్వల్లిన ముసుగొకటి దానికి కప్పాను. అది కదల్లేదు.

"అచ్చం అత్తయ్యగారి పోలికే! కళ్లు మూసేస్తే అదెలా నడుస్తుందే?" అన్నారు మీ అల్లుడు.

లేసు పువ్వు మధ్య కన్నం దాని కంటికి సరిపోయేలా జరిపాను. బయల్దేరింది. చీపురు దూరని నీ బీరువా కిందకి వెళ్లి, కీచుమంటూ ఆగిపోయింది. లాగి చూస్తే బ్రష్షుకి తెల్లదారం చుట్టుకుని ఉంది. వెనకాలే నీ దారపుండ, దానికి గుచ్చిన సూదీ వచ్చాయి.

ఆ దారం నేను పక్కింటి సుగుణకి ఇచ్చేశానని నువ్వు పోయేదాకా సణిగావు.

నేనివ్వలేదు. ఇప్పుడేమంటావమ్మా?